ఒప్పుకోవడం అంటే లొంగిపోవడం కాదు



ధమ్మ బంధువులారా, ఇంట్లో ఒక బిడ్డ చెయ్యి కోసుకుంటే మనం ఏం చేస్తున్నాం? గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తున్నాం, లేదా పొగరని కొడుతున్నాం. 22 ప్రతిజ్ఞలు తీసుకున్న మనమూ ఇలాగే చేస్తే ఎట్లా?

పటాచారను గుర్తు చేసుకోండి. భర్త, ఇద్దరు బిడ్డలు, పుట్టింటివారు అందరూ పోయారు. ఒంటిమీద బట్ట లేకుండా తిరుగుతుంటే జనం పిచ్చిదని తరిమారు. బుద్ధుడు తరమలేదు. ముందు ఎరుక తెచ్చుకోమన్నాడు, ఆ తర్వాతే ధమ్మం చెప్పాడు.

1961లో అమెరికాలో మార్షా లైన్‌హాన్ అనే 17 ఏళ్ళ అమ్మాయిని మానసిక ఆసుపత్రిలో చేర్చారు. తనను తాను కోసుకునేది, కాల్చుకునేది. ఆమే తర్వాత మనస్తత్వ శాస్త్రవేత్త అయింది. జెన్ బౌద్ధ సాధన నేర్చుకుని, అందులోని ఎరుకను వైద్యంలోకి తెచ్చింది. అదే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ. చావాలనే ఆలోచనలు వదలనివారికి, పదేపదే తమను గాయపరచుకునేవారికి దీన్ని రూపొందించింది. 2011లో అదే ఆసుపత్రికి వెళ్ళి తన కథ అందరికీ చెప్పింది.

ఈ వైద్యం రెండు మాటలు కలిపి చెబుతుంది: నీ బాధ నిజం, నువ్వు మారాలి. మొదటిదే చెబితే మనిషి అక్కడే ఆగిపోతాడు. రెండోదే చెబితే తప్పంతా తనదే అనుకుంటాడు. రెండూ కావాలి. మన మధ్యమ మార్గానికి ఇది దగ్గరే కదా!

ఇందులో నాలుగు నేర్పులున్నాయి: ఎరుకతో ఉండడం, కష్ట ఘడియను హాని చేసుకోకుండా దాటడం, ఉద్వేగాన్ని అదుపులో పెట్టడం, బంధం చెడకుండా మనకు కావలసింది అడగడం. ఉదాహరణకు, తట్టుకోలేని ఘడియలో చల్లటి నీళ్ళు ముఖాన కొట్టుకోమంటారు. "నేను పనికిరానివాణ్ణి" అనే బదులు "పనికిరాననే ఆలోచన వచ్చింది" అని గమనించమంటారు. ఆలోచన వస్తుంది, పోతుంది. అనిత్యం.

మీరు అడగొచ్చు: కులం పేరుతో అవమానిస్తే అదీ ఒప్పుకోవాలా? కాదు. జరిగింది జరిగిందని కళ్ళు తెరిచి చూడడమే ఒప్పుకోవడం. అది న్యాయమని అనడం కాదు. పూర్వజన్మ కర్మ అని సర్దుకోవడం అసలే కాదు. బాబాసాహెబ్ మన గాయాన్ని దాచలేదు, దానికి తలవంచనూ లేదు. ఉన్నది ఉన్నట్టు చూసినవాడే దాన్ని మార్చగలడు.

కాబట్టి మీ ఇంట్లో, మీ వాడలో ఎవరైనా నలిగిపోతుంటే పక్కన కూర్చోండి. తిట్టకుండా వినండి. డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు. దీపం ఆరబోతుంటే చెయ్యి అడ్డం పెట్టడమే కరుణ.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.