మన మనస్సులోని సింహము

మనకు ప్రియమైన కథ ఒకటి తెరమీద కనబడబోవుచున్నదని విన్నప్పుడు హృదయములో పుట్టు ఉత్సాహము మంచిదా, కాదా? విశ్వాసులకు ఇట్టి ప్రశ్న ఎందుకని కొందరు పెద్దలు అడుగవచ్చును. అయితే ఆ ఉత్సాహములో మేము ఒకప్పుడు నిలువున మునిగితిమి గనుకను, దానివలన పిల్లలయెదుట సిగ్గుపడితిమి గనుకను, ఈ సంగతిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుటకు మాకు కొంత హక్కు కలదని తలంచుచున్నాము.

సి. ఎస్. లూయిస్ గారి పేరు మన సంఘములలో కొందరు వినియుందురు. ఆయన 1898లో ఐర్లాండులోని బెల్‌ఫాస్టు పట్టణమున పుట్టి, ఆక్స్‌ఫర్డులో పండితుడై, చాలకాలము దేవుడు లేడని వాదించి, తుదకు క్రీస్తును ఒప్పుకొన్న మనుష్యుడు. 1950 మొదలు 1956 వరకు ఏడాదికొకటి చొప్పున పిల్లలకొరకు ఏడు కథల పుస్తకములు ప్రచురించెను. వాటిలో నార్నియా అను కల్పిత దేశము కలదు. అక్కడ మృగములు మాటలాడును. మొదటి పుస్తకములో, యుద్ధకాలమున లండను విడిచి పల్లెటూరి యింటికి పంపబడిన నలుగురు పిల్లలు ఒక పాత బట్టల బీరువాలో దూరి, ఆ దేశములో తేలుదురు. అచట ఒక మంత్రగత్తె యేలుబడి చేయుచుండుటచేత మంచు కరగదు, క్రిస్మసు రాదు. పిల్లలలో ఎడ్మండు అనువాడు మిఠాయికి ఆశపడి తన తోడబుట్టినవారిని ఆమెకు అప్పగింప చూచును. వానికి రావలసిన మరణమును అస్లాను అను సింహము తనమీద వేసికొని, రాతిబల్లమీద చంపబడి, మరల లేచును. ఇది ఎవరి కథకు నీడయో మన చదువరులకు చెప్పనక్కరలేదు.

మేము ఈ పుస్తకమును వేదాంత విద్యార్థులమై యున్నప్పుడు చదివితిమి. అట్ట ఊడిన ప్రతి అది. హాస్టలు వసారాలో కూర్చుండి, మాటమాటకు నిఘంటువు తిరుగవేయుచు చదివితిమి. మంచు ఎట్లుండునో మేమెరుగము. మా ఊరిలో చలి అనగా సంక్రాంతి ముందర పది దినములు దుప్పటి కప్పుకొనుటయే. అయినను ఆ సింహము మంచులో నడిచివచ్చుటను మేము చూచితిమి. దాని జూలు ఏ రంగో మాకు తెలియును. దాని గొంతు మా తాతగారి గొంతు. ఆయన సాయంకాలపు ప్రార్థనలో పాఠము చదువునప్పుడు ఆ గొంతు వినియే మేము పెరిగితిమి.

1988 నవంబరు 13వ తేదీ మొదలు ఆరు ఆదివారములు బ్రిటనులో బి.బి.సి. వారు ఈ కథను టెలివిజనులో చూపిరి. ఆ తరువాత రెండేండ్లలో మరి మూడు పుస్తకములను కూడ చూపిరి. ఈ సంగతి మా చెవిని పడుటకు కొన్ని ఏండ్లు పట్టెను. అప్పటికి మేము ఒక పల్లె సంఘములో కాపరిగా నుంటిమి. విదేశమునుండి వచ్చుచున్న మిత్రుడొకడు ఆ వీడియో క్యాసెట్టును తెచ్చెదనని ఉత్తరము వ్రాసెను. ఆ దినమునుండి మాకు నిద్ర లేదు. టెలివిజను పెట్టెను ఒకరి యింటినుండి, వీడియో యంత్రమును మరియొకరి యింటినుండి అడిగి పెట్టుకొంటిమి. ఆదివారము ఆరాధనలో ప్రకటనలు చెప్పుచు ఈ ప్రకటన కూడ చేసితిమి. ఆ వారము ప్రసంగమును ఎట్లు సిద్ధపరచితిమో దేవునికే తెలియును.

ఇంతకును మేము ఎదురుచూచినది దేనికొరకు? కథ ఎట్లు ముగియునో మాకు తెలియును. ఎరుగని దానిని తెలిసికొనవలెనను ఆత్రము కాదది. పట్టాళమునుండి కొడుకు వచ్చునని తెలిసిన తల్లి బస్సు రాకమునుపే గంట ముందుగా పోయి రోడ్డుప్రక్క నిలుచుండును. వాని ముఖము ఆమెకు తెలియదా? తెలిసినందుననే గదా ఆ తొందర! మనము లోలోపల ప్రేమించినదానిని పదిమంది నడుమ, వెలుగులో, కన్నులతో చూడవలెనను ఆశ మనుష్యులకు దేవుడు పెట్టినదే అని మేము ఇప్పటికిని నమ్ముచున్నాము.

ఆ రాత్రి మా వసారాలో ముప్పదిమంది పిల్లలు చేరిరి. బొమ్మ మొదలాయెను. మాటలాడు నీటికుక్కలుగా మనుష్యులే వేషములు వేసికొని వచ్చిరి. పిల్లలు పకపక నవ్విరి. తరువాత సింహము వచ్చెను. అది ఇద్దరు మనుష్యులు లోపల దూరి కదల్చిన గొప్ప బొమ్మ. ఆ కాలములో టెలివిజను పనివారికి సాధ్యమైనంత శ్రద్ధగా చేసినదే. గాని అది మా సింహము కాదు. గొంతు మా తాతగారిది కాదు. మేము ఊరకుండలేకపోతిమి. యంత్రమును ఆపి, "పుస్తకములో ఇట్లు లేదు పిల్లలారా" అని వివరించితిమి. మరల నడిపించి, మరల ఆపితిమి. నాలుగవసారి ఆపినప్పుడు ముందర కూర్చున్న కుర్రవాడొకడు వెనుకకు తిరిగి, "అయ్యగారూ, మీకంటే ముందే తెలుసు. మమ్మల్ని చూడనియ్యండి" అనెను.

తరువాత మేము నోరు మూసికొంటిమి. రాతిబల్ల ఘట్టము వచ్చునప్పటికి ముప్పదిమందిలో నవ్వినవాడు ఒక్కడును లేడు. ఒక చిన్నపిల్ల తన తమ్ముని కన్నులు చేతితో మూసెను.

లూయిస్ గారు బ్రతికియుండగా ఇట్టిదానికి ఒప్పుకొనలేదని మాకు చాలకాలమునకు గాని తెలియలేదు. ఆ కథను రేడియోకు అనువుగా వ్రాసిన లాన్స్ సీవ్‌కింగ్ గారికి 1959 డిసెంబరులో ఆయన ఒక ఉత్తరము వ్రాసెను. రేడియోకు ఆయనకు అభ్యంతరము లేదు. టెలివిజనుకు మాత్రము ఎంతమాత్రమును సమ్మతింపననెను. మాటలాడు మృగములు వినుటకు బాగుండును గాని, కంటికి కనబడినయెడల హాస్యమో భయంకరమో అగుననెను. గీసిన బొమ్మలైతే వేరు సంగతి. వేషము వేసికొన్న మనుష్యుడు అస్లానుగా నిలుచుట తన మట్టుకు దైవదూషణయే అనెను. ఆయన 1963 నవంబరు 22న మరణించెను. బి.బి.సి. వారి మొదటి భాగము వెలువడునప్పటికి పాతికేండ్లు నిండుటకు ఇంక తొమ్మిది దినములు తక్కువ.

ఈ ఉత్తరమును గూర్చి విన్నప్పుడు మొదట మాకు సంతోషము కలిగినది. చూడుడి, మా పక్షమున గ్రంథకర్తయే యున్నాడని అనుకొంటిమి. అయితే ఆయన భయపడినది పరిశుద్ధమైన దానికి అవమానము కలుగునేమో అని. మేము నొచ్చుకొన్నది మా తలపులోని బొమ్మకు అవమానము కలిగెనని. ఈ రెండును ఒకటి కావు. మత్తయి సువార్త 16వ అధ్యాయములో పేతురు ప్రభువు ఎవరో సరిగా చెప్పి మెప్పు పొందెను. వెంటనే ప్రభువు తన శ్రమలను గూర్చి చెప్పగా, అట్లు జరుగనే కూడదని ఆయనను ప్రక్కకు తీసికొనిపోయి గద్దించెను. పేతురుకు ప్రేమ తక్కువై యుండెనా? లేదు. అతడు క్రీస్తును ముందుగానే తన మనస్సులో గీసికొని యుండెను. నిజమైన క్రీస్తు ఆ గీతలను దాటగానే అతనికి కోపము వచ్చెను. యంత్రమును ఆపిన మా చేయి అప్పుడు మాకు జ్ఞాపకము వచ్చినది.

లూయిస్ గారి భయము మాత్రము కొట్టివేయదగినది కాదు. మన తెలుగు దేశములో సింహపు వేషము కాదు, ప్రభువు వేషమే చూచితిమి గదా. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ చిత్రములో విజయచందర్ గారు క్రీస్తుగా నటించిరి. ఊరూర తెల్లగుడ్డ కట్టి ఆ చిత్రమును చూపిరి. మేము చూచిన రాత్రి కొందరు చెప్పులు విడిచి కూర్చుండిరి. సిలువ ఘట్టమున స్త్రీలు గొంతెత్తి యేడ్చిరి. చదువురాని అనేకులు ఆ కథను మొదటినుండి తుదివరకు తెలిసికొన్నది ఆ గుడ్డమీదనే. దానిని తప్పనుటకు మాకు నోరు రాదు. అయితే ఒక సంగతి ఒప్పుకొనవలెను. ఆ తరువాత చాల ఏండ్లు, ప్రార్థనకు కన్నులు మూసినప్పుడెల్ల మాకు ఆ నటుని ముఖమే కనబడుచుండెను. అది ఆయన దోషము కాదు. ఆ ముఖము ఎప్పుడు తొలగిపోయెనో, ఇంకను పూర్తిగా తొలగెనో లేదో, మేము చెప్పలేము.

ఆ రాత్రి చిత్రము ముగిసిన పిమ్మట ఆ ఊరి వృద్ధురాలిని ఒకామెను, "ఎట్లున్నదమ్మా, ప్రభువును చూచితివా?" అని అడిగితిమి. ఆమె చీర కొంగుతో కన్నులు తుడుచుకొని, "బాగుందయ్యగారూ. కాని మరీ అంత మెత్తగా మాట్లాడుతున్నాడేం? నన్నయితే గట్టిగానే కోప్పడతాడు" అనెను. ఆమె ఆ చిత్రమును తూలనాడలేదు, మానను లేదు. మరునాడు ప్రక్క ఊరిలో వేసినప్పుడు మరల నడిచిపోయి చూచివచ్చెను.

2018లో నెట్‌ఫ్లిక్స్ సంస్థవారు నార్నియా కథలను క్రొత్తగా తీయుటకు ఒప్పందము చేసికొన్నారు. ఈ వార్త విన్నది మొదలు మా మనుమరాలు పుస్తకములన్నియు మరల చదివి, సింహమును ఎట్లు చూపుదురో అని దినదినము అడుగుచున్నది. మాకును లోపల ఆ పాత తొందరయే కదలుచున్నది. చూచునప్పుడు తన ప్రక్కనే కూర్చుండవచ్చునని సెలవిచ్చినది గాని, రిమోటు మాత్రము మా చేతికి ఇయ్యనన్నది.