కాయకమునకు వెల కట్టుట

నా యొద్ద చదువుకొన్న యువకుడొకడు కర్నూలులో తివాసీలను, జంఖానాలను శుభ్రపరచు వృత్తిని క్రొత్తగా ప్రారంభించినాడు. వాని స్వస్థలము ఆదోని. ఆదోని నూలు జంఖానాలు ఒకప్పుడు పేరొందినవే గనుక ఈ పని వానికి పరాయిది కాదని సంతోషించితిని. మూడు మాసములు గడచిన పిమ్మట అతడు మా యింటికి వచ్చి, "అయ్యవారూ, పనికి కొదవ లేదు గాని చేతిలో డబ్బు నిలుచుట లేదు. ధర పెంచుదమన్న ఆశకు పోవుచున్నానేమో యని భయముగా నున్నది" అన్నాడు.

ఈ భయము మనలో చాలమందికి కలదు. కాయకమును పూజగా నెంచు సంప్రదాయములో పెరిగినవారికి పూజకు వెల కట్టుట యెట్లను సంకోచము సహజమే. కాని మడివాలు మాచయ్య చాకలివాడు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ఆయన కథ చెప్పినాడు. బట్టలుతుకుట ఆయనకు భక్తికి అడ్డు కాలేదు సరికదా, ఆయన భక్తికి అదియే రూపము. శరణులలో త్రాళ్లు పేనినవారు, చెప్పులు కుట్టినవారు, పడవ నడపినవారు కలరు. వారందరును పని చేసి, దాని ఫలమును గైకొని, అందులోనుండియే దాసోహము జరిపినవారు. వెల గైకొనుట దోషమైనచో దాసోహమునకు మూలద్రవ్యమెక్కడిది?

కావున ముందుగా వానిని లెక్క తెమ్మంటిని. తొమ్మిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గల తివాసీ 54 చదరపుటడుగులు. అడుగునకు 8 రూపాయల చొప్పున 432 తీసికొనుచున్నాడు. పూటకు ఒక పని, నెలకు సుమారు ఇరువది పనులు. సహాయకునికి పూట కూలి 300, ఆటో రానుపోను 120, సబ్బుద్రవమునకు, నీటికి 60, విద్యుత్తునకు 10. ఇవి చేతినుండి పోవునవి, అప్పటికే 490. ఇక కంటికి కనబడనివి రెండు. యంత్రము వెల 36,000. మూడేండ్లు నడచుననుకొన్నచో నెలకు 1,000 రూపాయల అరుగుదల, అనగా పనికి 50. గది అద్దె నెలకు 3,000, అనగా పనికి 150. మొత్తము 690. తన శ్రమకు పూటకు 350 వేసికొన్నచో 1,040. అనగా తన శ్రమను సున్న యనుకొన్నను పనికి 258 రూపాయలు పోగొట్టుకొనుచున్నాడు. యంత్రము చెడిననాడు గాని ఈ సంగతి బయటపడెడిది కాదు.

ఈ లెక్కలో మరియొక విశేషము కలదు. అదే యింట అదే పూట రెండు తివాసీలు కడిగినచో కూలి, బండి, అద్దె, అరుగుదల, తన శ్రమ పెరుగవు. సబ్బుకు, విద్యుత్తుకు 70 మాత్రమే పెరుగును. మొత్తము 1,110, ఒక్కొక్కదానికి 555. కావున రెండు ఇచ్చినవారికి తగ్గించి చెప్పుట న్యాయము, ఏలయనగా ఖర్చు నిజముగా తగ్గినది. గట్టిగా బేరమాడినవారికి తగ్గించి, నోరులేని విధవరాలి యొద్ద పూర్తిగా గైకొనుట న్యాయము కాదు. ఒకే చిన్న తివాసీకి పిలిచినవారికి అడుగుల లెక్క చెల్లదు. కనీసపు మొత్తమొకటి ముందే చెప్పవలెను.

శాతములలోను మోసపోవుట కలదు. 400 ఖర్చుపై నూటికి 25 కలిపి 500 అన్నాడు. గిరాకీ పావువంతు తగ్గింపుమనగా తన లాభమే గదా పోవునది యని 375 కు ఒప్పుకొన్నాడు. లాభము పోవుటయే గాక 25 రూపాయలు ఎదురు పెట్టుకొన్నాడు. నా తరగతిలో కూర్చున్నవాడే! తప్పు నాదో వానిదో.

ఇచ్చట ఆయ్దక్కి మారయ్య దంపతుల వృత్తాంతము స్మరింపదగినది. రాలిన బియ్యపు గింజలు ఏరితెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడాయన నిత్యముకన్న అధికముగా తెచ్చెను. ఇల్లాలు లక్కమ్మ ఆ అధికమును అంగీకరింపక, తిరిగి అక్కడనే పోసి రమ్మన్నది. దీనిని విని తక్కువ గైకొనుటయే ధర్మమని కొందరందురు. నాకట్లు తోచదు. ఎంత చాలునో లక్కమ్మకు తెలియును గనుకనే ఏది అధికమో తెలిసినది. కొలత యెరుగని యింట ఎక్కువయు తెలియదు, తక్కువయు తెలియదు. లెక్క వ్రాయని మనవాడు ఆశాపరుడా, ఉదారుడా యనుట వానికే సాధ్యము కాదు.

తక్కువ ధర ఎవరి మీద పడును? ఇది నేనడిగిన ప్రశ్న. వాడు తల వంచుకొని చెప్పినాడు: 432 లో ముగించుటకు రెండవసారి మంచినీటితో జాడించుట మానినాడట. సబ్బు మిగిలిన తివాసీ త్వరగా దుమ్ము పట్టును. అంతకన్న విచారకరము, సహాయకుని కూలిలో ఏబది తగ్గించినాడట. ఊరిలో చౌకగా చేయువాడని వీనికి పేరు వచ్చినది. ఆ పేరునకు వెల ఇచ్చినవాడు ఆ కూలివాడు.

చూడక ధర చెప్పుట మరియొక పొరపాటు. కడపనుండి ఒకరు ఫోనులో పిలువగా 3,000 కు ఒప్పుకొని, సుమారు 200 కిలోమీటర్లు పోయినాడు. చెప్పిన కొలతకన్న జంఖానా పెద్దది. పెండ్లి భోజనముల నూనె మరకలు నిండియున్నవి. ఎక్కువ అడిగినచో మాట తప్పినట్లగును, అడుగనిచో నష్టము. మాట నిలుపుకొని నష్టపడినాడు, అది మంచిదే. కాని ఆ మాట చూడక ఇచ్చినదే తప్పు. ఉన్ని తివాసీ వేడినీటికి ముడుచుకొనవచ్చును. కొన్నిటి రంగు దిగును. తడి తెల్లగుడ్డతో ఒక మూల అద్ది చూచిన పిమ్మటనే చీటి వ్రాయవలెను: కొలత ఇంత, పోవునని పూచీ లేని మరకలు ఇవి, మొత్తమింత. ఏడాది రాబడి 20 లక్షలు దాటక, జి.ఎస్.టి. నమోదు లేని చిన్నవాడు ఆ పేర పైసయు వేయరాదు.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీలు కర్నూలును ముంచిన పిదప, ఇంటిలోని బురద ఎత్తుటకు వచ్చినవారు మాకు ఉదయమొక ధర, సాయంత్రమొక ధర చెప్పిరి. బురదపని కష్టమైనది, రోగభయము గలది. దానికి ఎక్కువ అడుగుట తప్పనను. మధ్యాహ్నము దాటగనే పెరిగినది పని కాదు, మా నిస్సహాయత. దానికి వెల కట్టుటయే దోపిడి.

ఒక్క మాట మఠముల పెద్దలకు కూడ మనవి చేయవలసియున్నది. మఠపు జంఖానాలు ఉచితముగా శుభ్రము చేయింతునని మనవాడు మ్రొక్కుకొని చేసినాడు. నాడు సహాయకునికి కూలి ఇచ్చితివా యని అడిగితిని. "దేవుని పని గదా, అయ్యవారూ" అన్నాడు. నీ శ్రమ నీవు సమర్పింపవచ్చును నాయనా, వాని శ్రమను సమర్పించుటకు నీవెవడవంటిని. మఠము పేరు చెప్పి ధర తగ్గింపుమను మనవారును ఆ తగ్గింపు ఎవరి కంచములోనిదో విచారించిన బాగుండును.

మరునాడు వాడు ఆ కూలివానికి 300 ఇచ్చి, ఇంతకుముందు తగ్గించిన ఏబదులను కూడ లెక్క గట్టినాడు. ధర అడుగునకు 20 చేసినాడు. కొందరు గిరాకీలు పోయిరి. ఈ మారు మఠమునకు పోయినప్పుడు చీటి వ్రాసి యిచ్చినాడు: సహాయకుని కూలి 300 నేను చెల్లించినాను, నా పూట శ్రమ మఠమునకు. ఆ చీటిని మఠమువారు పద్దుపుస్తకములో అంటించిరట.