అరువు గొంతు

మొన్న ఆదివారం మధ్యాహ్నం టీవీలో ‘అంకుశం’ వేశారు. 1989 నాటి సినిమా అయితేనేం, ఇంటిల్లిపాదీ పనులు మానేసి కూర్చున్నాం. నెల డబ్బులకోసం వచ్చిన మా పాలామె కూడా గడప దగ్గర చతికిలబడింది. పటాన్‌చెరు పక్క పల్లె ఆమెది. తెరమీద రాజశేఖర్ గర్జించినప్పుడల్లా ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. నాకు తెలిసింది నలుగురికీ చెప్పకపోతే తోచదు కదా! “ఆ గొంతు ఆయనది కాదు, సాయికుమార్‌ది” అన్నాను.

ఆమె వింతగా చూసింది. “ఒర్రెటోడు ఒకడు, పేరొచ్చేటోడు ఒకడా అమ్మా?”

మావారు పకపకా నవ్వారు. నాకు మాత్రం ఎక్కడో చురుక్కుమంది.

సాయికుమార్ తండ్రి పి.జె. శర్మగారు నాటకాలాడి, సినిమాల్లో వేషాలు వేసి, ఎందరికో గొంతు అరువిచ్చిన మనిషి. 2014లో పోయారు. కొడుకులకు ఆయనిచ్చిన ఆస్తి ఆ కంఠమే. ‘అరుంధతి’ (2009)లో సోనూ సూద్ నోట మనల్ని హడలగొట్టింది సాయికుమార్ తమ్ముడు రవిశంకర్. సాయికుమార్ కూడా చిన్ననాడే రంగస్థలం ఎక్కారు. తర్వాత ఏళ్ళ తరబడి సుమన్‌కూ, రాజశేఖర్‌కూ గొంతయ్యారు. డబ్బింగ్ అంటే మాటలా? మైకు ముందు నిలబడి, తెరమీద పెదవి కదిలినప్పుడే పలకాలి, అది ఆగితే ఆగాలి. కోపం మరొకరిది, గొంతు నొప్పి తనది.

1996 నాటి కన్నడ ‘పోలీస్ స్టోరీ’ తెలుగులోకి వచ్చాక ఆ గొంతుకు దాని సొంత ముఖం దొరికింది. 2010 నాటి ‘ప్రస్థానం’లో నటనకు ఫిల్మ్‌ఫేర్ బహుమతీ వచ్చింది.

మరి అంతకుముందు ఆయనకు అన్యాయం జరిగినట్టా? నాకలా తోచదు. ఆ కళ్ళలో నిప్పు రాజశేఖర్‌దే. ముఖం లేని గొంతూ, గొంతు లేని ముఖమూ రెండూ సగాలే. ఇచ్చినవారికి తెలిసే ఇచ్చారు, పుచ్చుకున్నవారు డబ్బిచ్చి పుచ్చుకున్నారు. అరువు తప్పు కాదండీ. అడక్కుండా తీసుకోవడం తప్పు.

ఇక నా సంగతి. కొన్నేళ్ళ క్రితం నేను రాసిన నవలలో నాయిక, ఫ్యాక్టరీల నీళ్ళు కలిసి పాడైన నక్కవాగు గురించి మాట్లాడుతుంది. వాగులో మూతి పెట్టబోయి గేదె వెనక్కి తగ్గిన సంగతి చెబుతుంది. “ఎంత సహజంగా రాశారండీ!” అని ఉత్తరాలొచ్చాయి. మురిసిపోయాను. ఆ మాటలన్నీ పాలు కొలుస్తూ పాలామె చెప్పినవే. నా ముఖానికి ఆమె గొంతు డబ్బింగ్ అన్నమాట. ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే.

సినిమా అయ్యాక పుస్తకం తీసి, ఆ పేజీలు ఆమెకు చదివి వినిపించాను. చదువుతుంటే నా గొంతు నాకే అరువుదిలా వినపడింది. ఆమె చెంగుతో మూతి తుడుచుకుని చాలాసేపు ఊరుకుంది. కోప్పడుతుందేమో అనుకున్నాను.

“గివన్నీ నేను జెప్పిన ముచ్చట్లేనాయె! అడిగితే ఇంకిన్ని జెప్తుంటి గదమ్మా” అంది.

దాచి నేను మిగుల్చుకున్నదేమిటో, పోగొట్టుకున్నదేమిటో ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది. మళ్ళీ అచ్చు వేసేటప్పుడు మొదటి పేజీలో ఆమె పేరుంటుంది. ఈసారి అడిగాను. సరేనంది.