వ్యాపార శిక్షణతో పాటు ఇంటికి వచ్చేవి



ధర్మసమ్మతమైన సంపాదన కోసం వ్యాపార మెళకువలు నేర్చుకోవటం తప్పు కాదు. క్రీ.శ. 622లో హిజ్రత్ చేసి మదీనా చేరిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు అన్సారీ సోదరుడు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దుఆ ఇచ్చి, బజారు ఎటో చూపించమని మాత్రమే అడిగారు. ఖైనుఖా బజారులో నెయ్యి, ఎండబెట్టిన పెరుగు అమ్మి నిలదొక్కుకున్నారు.

నేడు మన యువకులు బజారు దారి తెలుసుకోవటానికి హోటల్ హాళ్లలో జరిగే శిక్షణలకు వెళుతున్నారు, ఫోనులో ఆన్‌లైన్ తరగతులు వింటున్నారు. ఇంట్లో బట్టలు కుట్టి, పచ్చళ్లు పెట్టి అమ్ముకునే సోదరీమణులూ చేరుతున్నారు. లెక్క రాయటం, ధర కట్టటం నేర్పితే మంచిదే. కాని ఎవరూ కోరుకోనివి కూడా ఆ ఫీజుతో పాటే ఇంటికి వస్తున్నాయి.

"ఇంకా మూడు పీసులే ఉన్నాయి", "ఈ రాత్రితో ఆఫర్ ఆఖరు" అని స్టేటస్ పెట్టమంటారు. బీరువా నిండా సరుకు ఉంటుంది. మరునాడూ అదే ధర. పెట్టినవారు దాన్ని అబద్ధం అనుకోరు, 'టెక్నిక్' అనుకుంటారు. అసలు ప్రమాదం ఇదే. అబద్ధమాడి సిగ్గుపడేవానికి తౌబా ద్వారం దగ్గరే ఉంటుంది. అబద్ధాన్ని విద్యగా నేర్చుకున్నవాడు దేనికని తౌబా చేస్తాడు?

కొనే ఉద్దేశం లేకుండా, కొనేవారిని మోసగించటానికి ధర పెంచి పాడటాన్ని దైవప్రవక్త (సల్లం) నిషేధించారు. దీన్నే 'నజ్ష్' అంటారు. తెలిసినవారితో దొంగ మెచ్చుకోళ్లు రాయించటం కూడా దీని వంటిదే. ఆయన (సల్లం) ఒకసారి ధాన్యపు రాశిలో చేయి పెడితే లోపల తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పాడు. జనానికి కనబడేలా తడిసినది పైన ఎందుకు పెట్టలేదని అడిగి, మోసగించేవాడు తనవాడు కాడన్నారు. భారత ప్రభుత్వం కూడా 2023 నవంబరులో ఆన్‌లైన్ అమ్మకాల్లోని 13 రకాల మోసపు పద్ధతులను నిషేధించింది. లేని తొందర పుట్టించటం వాటిలో ఒకటి. చట్టం కంట పడని స్టేటస్ కిరామన్ కాతిబీన్ రాతలో పడకుండా పోదు.

ఇంతకంటే లోతుగా దిగే విషం మరొకటుంది. నీ విజయానికి నువ్వే కర్తవు, ఆలోచన మారితే డబ్బు దానంతటదే వస్తుందని నూరిపోస్తారు. ఈ సంపద నా జ్ఞానం వల్లనే వచ్చిందన్న ఖారూన్ గతి దివ్య ఖుర్ఆన్ 'ఖసస్' సూరాలో ఉంది. సరే, గెలిచినవానికి అహంకారం. మరి ఓడినవానికి? వీధిలో పోటీ పెరిగిందనో, గిరాకీ తగ్గిందనో ఎవరూ అనరు. నీ ఆలోచనలోనే లోపముందంటారు. దాన్ని సరిచేసే ఇంకా పెద్ద కోర్సు సిద్ధంగా ఉంటుంది. దాని ఫీజు వడ్డీ వాయిదాల్లో కట్టి అతడు మరో పాపంలో దిగుతాడు. వద్దన్న తండ్రి, భార్య 'నెగెటివ్ మనుషులు' అయిపోతారు. వారి మాట వినవద్దన్నవారు ఫీజు తీసుకుని వెళ్లిపోతారు. అప్పు తీర్చే రోజున మెడలోని నగ తీసిచ్చేది ఆ భార్యే. ఒంటెను కట్టి అల్లాహ్‌పై భారం వేయమని మన ప్రవక్త (సల్లం) నేర్పారు. కట్టటం మన పని, ఉపాధి పంచటం ఆయన పని. కష్టపడ్డాక నష్టం వస్తే అది నేరం కాదు.

ధర్మం అర్థం చేసుకున్నవాడే మా బజారులో అమ్మాలని హజ్రత్ ఉమర్ (రజి) ఆదేశించారు. అందుకే శిక్షణకు డబ్బు కట్టేముందు దగ్గరలోని ఆలిమ్ వద్ద కూర్చుని క్రయవిక్రయాల మసాయిల్ తెలుసుకోండి. దానికి ఫీజు ఉండదు.

ఇప్పటికే ఇలా అమ్మినవారు ఏం చేయాలి? కొన్నవారు తెలిస్తే నిజం చెప్పాలి, వారు సరుకు తిరిగి ఇస్తామంటే తీసుకుని డబ్బు ఇచ్చేయాలి. తెలియకపోతే? కూఫాలో బట్టల వ్యాపారం చేసిన ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) గురించి చరిత్రకారులు ఒక సంఘటన రాశారు. లోపమున్న బట్టను దాని లోపం చెప్పి అమ్మమని ఆయన తన భాగస్వామికి చెప్పారు. అతడు మరచిపోయి అమ్మేశాడు. కొన్నదెవరో తెలియలేదు. ఇమామ్ ఆ సరుకు మీద వచ్చిన డబ్బంతా దానం చేసేశారు.