క్రొత్త పెట్రోలు, పాత గొట్టములు

ధ్యానభాగము: మత్తయి 9:17



పిడుగురాళ్లలో నేను తిరుగు అంబాసిడరు కారును మీలో అనేకులు ఎరుగుదురు. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయెను. నా బండి అంతకు చాల ముందుది. క్రిందటి మాసమున నొప్పులు పడుచున్న ఒక సహోదరిని రాత్రివేళ నరసరావుపేట తీసికొనిపోవుచుండగా, కారులో పెట్రోలు వాసన గుప్పుమనెను. దేవుని కృపవలన క్షేమముగా చేరితిమి. అయితే దాచక చెప్పవలెను: ఆ వాసన నాకు రెండు నెలలుగా తెలియును. కారుచున్న చోట సబ్బుముక్క రుద్ది, అద్దములు దింపుకొని తిరుగుచుంటిని.

మరునాడు మెకానికు పంపు దగ్గరి రబ్బరు గొట్టమును వంచి చూపెను. పైన పగుళ్లు, లోపల బంకవలె మెత్తదనము. “ఇదంతా ఈ క్రొత్త పెట్రోలు తప్పే గదా?” అంటిని.

“దాని తప్పేముందయ్యగారూ! ఈ గొట్టం ఆనాటి పెట్రోలుకి చేసింది,” అనెను.

2025 నాటికి మన దేశపు పెట్రోలులో నూటికి 20 వంతులు ఎథనాలు కలుపుట వాడుకయైనది. చెరకు, మొక్కజొన్న, నూకలనుండి తీయు సారాయే అది. పాత రబ్బరును ఉబ్బించి మెత్తపరచును. తేమను పీల్చుకొని టాంకీకిని ఇనుప గొట్టమునకును తుప్పు తెచ్చును.

ప్రభువు చెప్పిన తిత్తులు తోలువి. పాతబడి యెండిన తోలు సాగదు. క్రొత్త రసము పొంగునప్పుడు పిగులును. ఈ వాక్యముతో నేను పెద్దవారిని గద్దించిన ఆదివారములు కలవు. అది తప్పు. ఆయన తిత్తిని నిందింపలేదు. రసమును తిత్తియు రెండును దక్కవలెననియే ఆయన తలంపు.

“కారే గొట్టం ఒక్కటి మార్చవయ్యా, చాలు,” అంటిని. అతడు ఒప్పుకొనలేదు. “అన్నీ ఒక్కనాడు వేసినవే. ఇవాళ ఇది, రేపు అది. పక్కనే పొగగొట్టం కాలిపోతా ఉంటది. చుక్క పడితే మీరుండరు, బండీ ఉండదు.” బ్యాటరీ తీగ ఊడదీసి, టాంకీ ఖాళీచేసి కడిగి, వెనుకనుండి ముందువరకు గొట్టములన్నియు మార్చెను. ఎథనాలుకు తట్టుకొను రబ్బరు, క్రొత్త క్లిప్పులు, క్రొత్త ఫిల్టరు వేసెను. ఇంజను నడుచుచుండగా ప్రతి అతుకు క్రింద పొడి కాగితము పట్టి చూచెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మూడేండ్ల క్రిందట సంఘకూటములో ఒక పెద్దపై నేను కోపపడి, తరువాత అందరియెదుట క్షమాపణ అడిగితిని. కారుచున్న ఆ ఒక్క చోటు బాగుచేసికొంటిని. దానితోపాటు పుట్టిన చేదు మాత్రము అట్లే యున్నది. గుడిలో చేయి కలుపుదును గాని, ఆయన గుమ్మము తొక్కి మూడేండ్లాయెను. నా యింటివారికి ఈ వాసన నాకంటె ముందే తెలిసెనట.

వచ్చు శుక్రవారము సాయంకాలము ఆయన యింటికి వెళ్లుచున్నాను. నాకొరకు ప్రార్థించుడి.