ఒక్క కుర్చీ సంగీతము

“హైఫై” యను మాట నేడు మన పట్టణములలో బాలురకు సైతము పరిచితమైనది. దానికి మూలమైన ఇంగ్లీషు పదమునకు “మిక్కిలి విశ్వాసపాత్రత” యని యర్థము. దంపతులయందును, మిత్రులయందును, నమ్మిన సేవకునియందును మనము కోరుకొను గుణమును ఒక కొయ్యపెట్టెయందు వెదకుచున్నాము. ఇందు నవ్వదగినది లేదు. మంచి పెట్టె నిజముగనే విశ్వాసపాత్రమైనది. అయితే విశ్వాసమనగానే ఎవరియెడ విశ్వాసమను ప్రశ్న వచ్చును. ఈ పెట్టె పాడిన గాయకునకు సేవకుడా? సొమ్ము చెల్లించి కొనితెచ్చిన గృహస్థునకు సేవకుడా? లేక అది మ్రోగుచుండగా ఆ యింటి గోడలలోపల మెలగు వారందఱకును సేవకుడా? స్పీకర్లను గూర్చి వ్రాయువారు తొలి రెండు ప్రశ్నలను విస్తారముగ చర్చించుచుందురు. మూడవదానిని వంటయింటికి వదలివేయుదురు. మాకు మూడవదియే ముఖ్యముగ తోచుచున్నది.

గాయకునియెడ విశ్వాసమను ఊహ ప్రాతదే. 1915వ సంవత్సరము మొదలు పదేండ్లపాటు ఎడిసన్ సంస్థవారు అమెరికాలోని అనేక పట్టణములలో ఒక వింతపరీక్ష నడిపిరి. రంగస్థలముపై గాయని నిలిచి పాడును. ప్రక్కన ఫోనోగ్రాఫు ఆ పాటనే వినిపించును. ఇంతలో దీపము లార్పుదురు. మరల వెలిగించునప్పటికి గాయని యచ్చట లేదు, పాట మాత్రము సాగుచునే యున్నది. సభ్యులు నివ్వెఱపోవుచుండిరి. ఆ గాయనులలో నొకామె, యంత్రపు కంఠమును పోలునట్లు తానే తన కంఠమును అణచుకొని పాడితినని తరువాతికాలమున చెప్పినది. యంత్రము మనుష్యునకు విశ్వాసము చూపవలసినచోట మనుష్యుడే యంత్రమునకు విశ్వాసము చూపెనన్నమాట! 1925లో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అను ఇరువురు ఇంజనీరులు, అయస్కాంతపు సందున తీగచుట్ట కదలి కాగితపు గరాటును కదల్చు పద్ధతిని ప్రకటించిరి. నేడు మన యిండ్లలోనున్న స్పీకర్లలో మిక్కిలిభాగమునకు అదియే ప్రాణము. 1954లో ఎడ్గార్ విల్చర్ గాలి చొఱకుండ మూసిన చిన్నపెట్టెనుండి సైతము గంభీరమైన మంద్రధ్వనిని రాబట్టెను. అప్పటినుండి బీరువాయంత పెట్టెతో అవసరము తగ్గినది. బీరువాయంత పెట్టెపై మమకారము మాత్రము తగ్గలేదు.

ఆ మమకారమే ఎన్నికయందు మొదటి శత్రువు. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనువారు తమ సంస్థలోని 40 మంది శ్రోతలను కూర్చుండబెట్టి, అవే స్పీకర్లను ఒకసారి తెరచాటున, మఱియొకసారి కన్నులయెదుట వినిపించిరి. తెరచాటున విన్నప్పుడు ఒక విధముగ తీర్పు చెప్పినవారే, పెట్టెలను చూచినంతనే మఱియొక విధముగ చెప్పిరి. పెట్టె పరిమాణమును, వెలను, సంస్థ పేరును చూచి చెవులు లొంగిపోయినవి. అంతకన్న చిత్రమేమన, పెట్టెలను గదిలో ఒకచోటునుండి మఱొకచోటికి మార్చినప్పుడు నిజముగ కలిగిన భేదమును, కన్నులు తెఱచుకొన్నవారు సరిగా గమనింపజాలకపోయిరి. పిల్లను చూడబోయి ఆమె తండ్రి మేడను చూచి సంబంధము నిశ్చయించుకొని వచ్చు పెద్దమనుష్యులు మనకు కొత్త కాదు. స్పీకర్ల కొనుగోలులోను ఆ పెద్దమనుష్యులే మనకు కనబడుచున్నారు.

కావున కొనబోవు వారితో మా మనవి యిది. మీరు కచేరీలలో ఎదుట కూర్చుండి విన్న కంఠమో, విన్న వీణయో గల రికార్డును మీ వెంట తీసికొనిపొండు. తంబుర మీటు విడివిడిగ వినబడుచున్నదా, లేక తేనెటీగల రొదవలె నున్నదా? స్త్రీకంఠము తారస్థాయికి పోయినప్పుడు ముక్కుతో పలికినట్లున్నదా? మృదంగమున కుడిమూత నాదమును, ఎడమ తొప్పి మ్రోతయు ఒకే వాద్యమునుండి వచ్చినట్లున్నవా? ఇవి పరీక్షలు. రెండుపెట్టెలు కలిసి పలికినప్పుడు దోషములు దాగును. ఒక్కదానినే పలికించి వినుడు. పోల్చునప్పుడు రెండు జతలును సమానమైన బిగ్గఱతో మ్రోగవలెను. ఏది రవ్వంత బిగ్గఱగ మ్రోగునో అదియే మేలైనదని చెవికి తోచును. తాను అమ్మదలచిన దానిని వర్తకుడు ఒక్క పిసరు హెచ్చించిన చాలును, వ్యాపారము ముగిసినది. ఇక వాట్ల గొప్పలు వినకుడు. ధ్వని రెండింతలు బిగ్గఱగ తోచవలెనన్న విద్యుచ్ఛక్తి పదింతలు కావలెను. 50 వాట్లకును 100 వాట్లకును గల భేదము 3 డెసిబెల్లు మాత్రమే. ఆ భేదమునకై అప్పు చేయుట సంగీతాభిమానము కానేరదు.

కొనిన తరువాత అసలు పని మొదలగును. మన యిండ్లు ఎండకు, చెమ్మకు, చెదపురుగునకు భయపడి కట్టుకొన్నవి: సున్నము వేసిన గోడలు, గచ్చు లేక పలకఱాతి నేల, పైన సిమెంటు కప్పు. అట్టి గది నడుమ నిలిచి ఒక్క చప్పట్లు చఱచి చూడుడు. గోడనుండి గోడకు చప్పుడు గిలకవలె తిరుగుటను వినగలరు. ఆ గదిలో లక్షరూపాయల పెట్టె పలికినను అట్లే తిరుగును. నేలమీద ఒక జంబుఖానా, కిటికీకి మందమైన తెర, ప్రక్కగోడలకు పుస్తకముల బీరువా పెట్టినయెడల కలుగు మేలు, అంతకు పదిరెట్ల వ్యయముతో పెట్టెను మార్చినను కలుగదు. బీరువా ఎచ్చట పెట్టవలెనో తెలియుటకు చక్కని ఉపాయమొకటి గలదు. వినువాడు తన స్థానమున కూర్చుండగా మఱియొకరు ప్రక్కగోడ వెంబడి అద్దమును జరుపుకొనుచు పోవలెను. అద్దములో స్పీకరు కనబడిన చోటనే ధ్వనియు ఆ గోడను తాకి చెవికి వచ్చుచున్నదని గ్రహింపవలెను.

మంద్రధ్వనికి బీరువాలు చాలవు. ధ్వని సెకనుకు రమారమి 343 మీటర్లు నడచును. అందుచేత 12 అడుగుల పొడవునకు సెకనుకు సుమారు 47 కంపనములును, 15 అడుగులకు సుమారు 37 కంపనములును, వాని రెట్టింపులును గదిలో నిలిచిపోయి మ్రోగును. చదరపుగదిలో రెండుదిక్కుల మ్రోతయు ఒక్కటే యగుటచే తొప్పి కాగులో కొట్టినట్లుండును. గోడ నానుకొని కూర్చుండిన వానికి ఆ మ్రోత మిక్కుటము. గది నడిమధ్యను కూర్చుండినవానికి శూన్యము. పెట్టెను మూలకు నెట్టిన మంద్రము పొంగిపోవును. గోడకు 1 మీటరు దూరమున నుంచితిమా, వెనుకకు పోయిన ధ్వని 2 మీటర్లు నడచి తిరిగివచ్చి, సెకనుకు 86 కంపనముల స్వరమును సగముచంపును. దీనికి ఏకైకమంత్రము లేదు. జానెడు జరుపుట, వినుట, మరల జరుపుట. దీనికి దమ్మిడీ ఖర్చు లేదు. బహుశః అందుచేతనే దీనిని ఎవరును చేయరు.

ఈ మంద్రమే ఇరుగుపొరుగువారి ప్రశ్నను తెచ్చిపెట్టుచున్నది. సన్నని ధ్వనులను గోడ ఆపును, లావుధ్వనులను ఆపదు. మన గదిలో కీర్తనగ నున్నది పైయంతస్తువారికి దడదడ మాత్రమే. 2000 సంవత్సరపు శబ్దకాలుష్యనియమములు నివాసప్రదేశములకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్లని హద్దు పెట్టినవి. మైకుసెట్లవారు ఆ హద్దును దాటుట చూచి మనము పత్రికలకు వ్రాయుదుము. మన హాలులోని పెట్టెవిషయమున మాత్రము చట్టమెందుకు, కాళ్లక్రింద దళసరి రబ్బరుబిళ్లలు పెట్టి, పది దాటిన పిమ్మట మంద్రపుమరను తగ్గించిన చాలును.

ఇప్పుడు ఇంటిలోనివారి సంగతి. ఇంగ్లండులో ఆలన్ బ్లమ్లైన్ 1931లో దాఖలు చేసిన పేటెంటు రెండు స్పీకర్ల సంగీతమునకు పునాది. రెండు పెట్టెలనుండి కొంచెము భేదముతో వచ్చు ధ్వనులు చెవులను చేరి, నడుమ శూన్యప్రదేశమున గాయకుని నిలుపును. వయొలిను ఒకప్రక్క, మృదంగము వేఱొకప్రక్క. ఇది నిజముగ అద్భుతము. కాని యీ అద్భుతమునకొక షరతు గలదు. రెండు పెట్టెలును, వినువాని తలయు సమభుజత్రికోణముగ నుండవలెను. సన్నధ్వనులను పలుకు చిన్నగరాటు చెవియెత్తున నుండవలెను. వినువాడు ప్రక్కకు జరిగి ఒక పెట్టెకు ఒక అడుగు దగ్గఱైనచో, దాని ధ్వని సెకనులో వెయ్యవవంతు ముందుగ చెవికి చేరును. అంతమాత్రముననే గాయకుడు నడుమనుండి లేచిపోయి ఆ పెట్టెలో దూరినట్లుండును. అనగా నలుగురుండు ఇంటిలో ఒక్క కుర్చీకే సంగీతము సత్యము. తక్కిన పీటలకు వదంతి.

ఆ కుర్చీలో ఎవరు కూర్చుందురో వేఱుగ చెప్పనక్కఱలేదు. దాని కెదురుగ పెట్టెలను, వాని కనుగుణముగ బల్లలను, ఆ బల్లలకు దారి యిచ్చుటకై పిల్లల చదువుచాపను మార్చివేసిన గృహస్థుడే. మన మధ్యతరగతి యిండ్లలో బాల్యమున ఏడెనిమిదేండ్లు సంగీతము నేర్చి, వివాహమైన పిమ్మట వీణను అటకనెక్కించిన ఇల్లాండ్రు ఎందఱో గలరు. ఆ యింటిలో గమకమన నేమో యెఱిగినది ఆమె యొక్కతెయే కావచ్చును. ఆమె వంటగదిలో నున్నది. పదములోని హల్లులను తెలుపు సన్నని ధ్వనులు గుమ్మము దాటి మలుపుతిరిగి పోజాలవు, తొప్పిమ్రోత పోగలదు. కావున తెలిసిన చెవికి దడదడయు, తెలియని చెవికి త్రికోణశిఖరమును లభించుచున్నవి. ఇట్టి యమరికకు “మిక్కిలి విశ్వాసపాత్రత” యని పేరు పెట్టుట మాకు సాహసముగ కనబడుచున్నది.

ఇందుకు సమాధానముగ కొందఱు, పుస్తకమును సైతము ఒక్కడే చదువును గదా, ఒక్కడు వినిన తప్పేమి యందురు. పుస్తకము చదువువాడు ఇల్లంతయు ఆక్రమింపడు. ప్రక్కవారు తమ పుస్తకము తాము చదువుకొనవచ్చును. చెవులకు తగిలించుకొను హెడ్‌ఫోనులతో వినువానితోను మాకు తగవు లేదు. ఉమ్మడిగదిని నింపి, అందఱ చెవులను పట్టుకొని, ఫలమును మాత్రము ఒక్కడే యనుభవించుట వేఱు సంగతి.

దీనికి శాస్త్రము కొంతవఱకు సాయపడును. ఎదుట మాత్రమే చక్కగ పలికి ప్రక్కలకు మసకబాఱు పెట్టె యొకటి. ప్రక్కలకు సైతము ధ్వనివర్ణము చెడకుండ పంచిపెట్టు పెట్టె మఱియొకటి. రెండవదానిని ఎన్నుకొన్నయెడల, గాయకుడు నడుమ నిలువకపోయినను, కంఠము కంఠముగనే అన్ని పీటలకును అందును. అంగడిలో ఎదుట కూర్చుండియే గాక ప్రక్కకు లేచిపోయి వినుట ఇందులకే. పెట్టెల ముఖములను ఆ కుర్చీకి సూటిగ గాక కొంచెము వెనుకకు గుఱిపెట్టుట యొక మార్గము. తూకము కొంత తగ్గును, పంక్తి కొంత పెరుగును. మఱియు, మనము మక్కువతో వినునదానిలో ఎంతభాగమునకు రెండు పెట్టెలు కావలెను? ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిను రికార్డులు, నిమిషములు లెక్కపెట్టుకొని పాడిన నాటి గ్రామఫోను పలకలు, ఆకాశవాణివారి ప్రాత కచేరీలు—ఇవి ఒక్క దారిని నమోదైనవి. వానికి రెండు పెట్టెలు చేయునది అలంకారము మాత్రమే. నలుగురు కూర్చుండుచోటికి దగ్గఱగ నుంచిన ఒక్క మంచి పెట్టె అంతకన్న నిజమును చెప్పును. ఒకప్పుడు బీరువాపై కూర్చున్న రేడియో ఇంటిల్లిపాదికిని సమానముగ వినిపించినది, నిజమే. సమానముగ గొంతు నొక్కియు వినిపించినది. దానికొఱకు మేము కన్నీరు కార్చుటలేదు.

కాని శాస్త్రము చేయగల పంపిణీ కొంతవఱకే. త్రికోణశిఖరమున ఒక్క తలకే చోటున్నది; దానిని ఏ పెట్టెయు మార్చజాలదు. కొందఱు ఉదారులు, వంటగదిలో ఇంకొక చిన్నపెట్టె బిగించితిమి గదా యని తృప్తిపడుచున్నారు. ఆ ఇల్లాలికి కావలసినది పెట్టె కాదు. ఆ కుర్చీయు, అందు తిన్నగ కూర్చుండుటకు ఒక గంటయు. కుర్చీ ఇచ్చుటకు ఆయన లేచిన చాలును. గంట ఇచ్చుటకు మాత్రము ఆయన లేచి, పొయ్యిమీద పప్పు పొంగకుండ చూచుకొనవలెను. స్పీకర్ల అమరికను గూర్చిన పుస్తకములలో అడుగులకు, అంగుళములకు, కోణములకు వేఱువేఱు పట్టికలున్నవి. పప్పును గూర్చిన పట్టిక యెందును మాకు కనబడలేదు. వచ్చు ఆదివారమునాడు పదిగంటలకు ఆ ప్రయోగము చేసి చూడదలచిన చదువరులు, ముందుగ ఆమె ఏ రికార్డు వినగోరునో అడుగుట మఱవకుందురుగాక. ఆయన ఊహించినది కాకపోవచ్చును.