ఎవరు పక్కకు తప్పుకోవాలి?

చాలా ఏళ్ల క్రితం ఒక కొండ మీద రెండు అడుగులు వెయ్యకూడని చోట వేశాను. ఎవరూ చూడలేదు. ఆ రెండు అడుగుల గురించే ఈ నాలుగు మాటలూ.

న్యూ హాంప్‌షైర్‌లో 6,288 అడుగుల మౌంట్ వాషింగ్టన్ పక్కన మౌంట్ మన్రో అనే మరో శిఖరం ఉంది. ఆ రెంటి నడుమ చెట్టూ చేమా లేని రాతినేల. అక్కడ రాబిన్స్ సింక్‌ఫాయిల్ అనే మొక్క బతుకుతోంది. మొక్కంటే ఏదో ఊహించుకోకండి. నేలకు అతుక్కుపోయిన, రూపాయి బిళ్లంత ఆకుల గుత్తి. జూన్‌లో చిన్న పసుపు పూలు. ఈ వైట్ మౌంటెన్స్‌లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అది సహజంగా పెరగదు.

1819 నాటి క్రాఫర్డ్ పాత్ అనే కాలిబాట సరిగ్గా దాని మధ్య నుంచే పోయేది. గడ్డకట్టే చలికీ పెనుగాలికీ ఓర్చుకున్న మొక్క మన బూటుకాళ్లకు ఓర్చుకోలేకపోయింది. ఇక దాన్ని మెచ్చుకున్నవాళ్లు చేసిందేమిటంటే, అరుదైనది కదా అని వందల కొద్దీ మొక్కల్ని పీకి నమూనాలుగా దాచుకోవడం. 1980లో దాన్ని అంతరించిపోయే జాతుల జాబితాలో చేర్చారు. 1983లో మొక్కను కదపకుండా బాటనే పక్కకు జరిపారు. రాళ్లు వరసగా పేర్చి, లోపలికి రావద్దని బోర్డు పెట్టారు. 2002లో జాబితాలోంచి పేరు తీసేసేనాటికి అక్కడ 14 వేలకు పైగా మొక్కలున్నాయి.

నేను దాటింది ఆ రాళ్ల వరసనే. ఒక్క ఫోటో కోసం. ఇంటికొచ్చి పుస్తకం తెరిచి చూస్తే నేను తీసింది ఆ పువ్వే కాదు, మౌంటెన్ ఏవెన్స్ అనే ఇంకో పసుపు పువ్వు. కాళ్ల కింద ఏం నలిగిందో మాత్రం ఏ పుస్తకమూ చెప్పలేదు.

అయితే ఏమైంది అని నన్ను నేనే దబాయించుకున్నాను. అది కూరకు రాదు, మందుకు రాదు. అది పోతే కొండ కూలిపోదు. మరి నేను చేసింది తప్పెలా అవుతుంది?

చిన్నప్పుడు తిరుమల వెళ్తే, అలిపిరి దగ్గరే మా అమ్మ అక్కయ్య జడలో మల్లెలు తీసేయించేది. "కొండ మీద పూలన్నీ స్వామివేనే, మనం పెట్టుకోకూడదు" అనేది. ఆ మాట నమ్మినవాళ్లకు ఇక ప్రశ్న లేదు. కానీ ఈ కొండ మీద పువ్వుకు స్వామి ఎవరూ లేరు. నాకు వేరే కారణం కావాలి.

అది మా ఊరి పొలం గట్టు మీద దొరికింది. గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్న మనిషి ఎదురైతే, చేతులూపుకుంటూ వచ్చేవాడే బురదలోకి దిగి దారిచ్చేవాడు. ఊళ్లో తక్కిన మర్యాదలన్నీ మనిషిని బట్టి ఉండేవి. ఈ ఒక్కటి మాత్రం బరువును బట్టి ఉండేది. ఆ మొక్క పక్కకు జరగలేదు. దాని గింజలు కూడా తల్లి పక్కనే రాలతాయి. నేనేమో సముద్రాలు దాటి వచ్చినవాణ్ణి. సులువుగా కదలగలిగినవాడే తప్పుకోవాలి. పువ్వు వల్ల ఉపయోగమేమిటన్న ప్రశ్న ఆ తరవాతిది.

ఈ లెక్కకూ ఓ హద్దుంది. నల్లమలలో పులుల కోసం చెంచుల్ని అడవి వదలమన్నప్పుడు ఇదే సూత్రం వల్లిస్తే అన్యాయం. వాళ్ల నెత్తిన కూడా మోపుంది. కాలిబాట జరిపితే నాలాంటివాడికి పోయేది నాలుగు నిమిషాలు. ఊరు జరిపితే పోయేది బతుకు. తప్పుకోమని చెప్పేముందు ఎవరి నెత్తిన ఎంత బరువుందో చూడాలి.

మొన్న జూన్‌లో మళ్లీ వెళ్లాను. ఈసారి రాళ్ల వరసకు ఇవతలే నిలబడ్డాను. అక్కణ్ణుంచి పువ్వేదీ కనబడలేదు. కాసేపుండి, జరిపిన బాట మీదే కిందికి దిగొచ్చాను.